పాత తెలుగు నాటకాలను వికీసోర్స్‌లో చేర్చడం: నాణ్యతా ప్రమాణాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు వికీసోర్స్‌లో (కాపీరైటు అడ్డులేని పుస్తకాల ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం) పాత నాటకాల స్కానులు ఎక్కించి పాఠం దిద్దడానికి కొత్తగా వచ్చేవాళ్ల సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే వాటిని పని జరిగే దశల వారీగా ఇక్కడ కూర్చాం. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ప్రమాణాలు ఎన్ని ఉన్నా వాటన్నిటి వెనకా ఉన్న నియమం ఒక్కటే: అచ్చుపుటలో ఏముందో తెరమీద అదే ఉండాలి, చదివేవారు ఎప్పుడు కావాలన్నా స్కానుతో పోల్చి చూసుకోగలగాలి.

## పుస్తకం ఎంచుకునేటప్పుడు

ఈ నాటకానికి కాపీరైటు ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి?

ముందు రచయిత చనిపోయిన సంవత్సరం తెలుసుకోండి. 1957 నాటి భారత కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ లెక్కన 1965లోగానీ అంతకుముందుగానీ చనిపోయినవారి రచనలు 2026 జనవరి 1 నాటికి మన దేశంలో స్వేచ్ఛా రచనలు, అంటే కాపీరైటు లేని రచనలు, అయ్యాయి. రచయిత పేరు తెలియని పుస్తకానికీ, రచయిత పోయిన తర్వాత మొదటిసారి అచ్చయిన పుస్తకానికీ 60 ఏళ్లు ప్రచురణ సంవత్సరం నుంచి లెక్కపెట్టాలి. మరణ సంవత్సరం ఎక్కడా దొరక్కపోతే ఆ పుస్తకాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఊహించి లైసెన్సు మూస (పేజీలో చేర్చే సిద్ధమైన వికీ ముక్క) పెడితే, ఎవరైనా అడిగిన రోజున మొత్తం పని పోతుంది.

రచయిత పోయి 60 ఏళ్లు దాటింది. అయినా కామన్స్‌లో ఫైలు తీసేశారు. ఎందుకు?

వికీసోర్స్ వాడే స్కాను ఫైళ్లు ఉండే సైటు వికీమీడియా కామన్స్‌. అక్కడ ఫైలు నిలవాలంటే అది భారతదేశంతో పాటు అమెరికాలో కూడా స్వేచ్ఛగా ఉండాలి. 1996 జనవరి 1 నాటికి మన దేశంలో ఇంకా హక్కు ఉన్న రచనలకు అమెరికా చట్టం అక్కడ కూడా హక్కును పునరుద్ధరించింది. మన చట్టంలో 50 ఏళ్ల గడువు 60కి పెరిగింది 1992 సవరణతో. అప్పటికే 1940లోగా చనిపోయినవారి రచనల గడువు తీరిపోయింది కాబట్టి వాటికి ఈ చిక్కు లేదు. 1915లో మరణించిన గురజాడ అప్పారావు రచనలు ఈ కోవలోకి వస్తాయి. 1946లో మరణించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం రచనలు మన దేశంలో 2007 జనవరి 1కే స్వేచ్ఛ అయినా, అమెరికా లెక్క వేరు. అక్కడ ప్రచురణ నుంచి 95 ఏళ్లు చూస్తారు. 2026లో అయితే 1930లోగా అచ్చయినవి నిలుస్తాయి. కాబట్టి ఇలాంటి రచయితల విషయంలో ఆ నాటకం మొదట ఎప్పుడు అచ్చయిందో తేల్చుకుని, ఆ సంవత్సరాన్ని ఫైలు వివరణలో తప్పనిసరిగా రాయండి.

ఇద్దరు కలిసి రాసిన నాటకమైతే? అనువాదమైతే?

జంట రచనకు చివర చనిపోయినవారి సంవత్సరమే లెక్క. తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో మరణించారు. కాబట్టి వారు కలిసి రాసినవాటికి భారతదేశంలో గడువు 2010తో ముగిసింది. అనువాద నాటకంలో మూల రచయిత హక్కు, అనువాదకుడి హక్కు విడివిడిగా ఉంటాయి. రెండూ తీరి ఉండాలి.

కొత్తగా వేసిన ఎడిషన్ నా దగ్గరుంది. దాన్నే స్కాన్ చేయొచ్చా?

నాటకం స్వేచ్ఛా రచనే అయినా ఆ ఎడిషన్‌కు తర్వాతివాళ్లు రాసిన పీఠిక, అధోజ్ఞాపికలు, అట్టమీది బొమ్మ స్వేచ్ఛ కావు. ఆ పుటలు తీసేసి మిగతాది పెట్టవచ్చు. అయితే మా సలహా రచయిత బతికుండగా వచ్చిన ఎడిషన్ వెతకమనే. చాలా పునర్ముద్రణల్లో అరసున్నలు పోయాయి, పాత్రల మాటలు "సరి" అయిపోయాయి, కొన్నిచోట్ల రంగాలే తగ్గాయి. పాత ప్రతి అక్షరాలు కాస్త చెదిరి ఉన్నా దాని విలువే ఎక్కువ.

మా తాతగారి నాటకం రాతప్రతి ఇంట్లో ఉంది. పెట్టొచ్చా?

వికీసోర్స్ ప్రచురితమైన రచనల కోసం. అచ్చుకాని రాతప్రతిని ముందు వేరేచోట భద్రపరచండి. నాటకం ఎప్పుడో అచ్చయి ఉండి, హక్కు ఇంకా మీ కుటుంబానికే ఉంటే, హక్కుదారులందరూ కలిసి క్రియేటివ్ కామన్స్ బై ఎస్ఏ 4.0 లైసెన్సు కింద విడుదల చేస్తున్నట్టు వికీమీడియా అనుమతుల బృందానికి ఈమెయిలు పంపాలి. ఒక వారసుడి సంతకం సరిపోదు. "వ్యాపారానికి వాడరాదు", "మార్చరాదు" అనే షరతులతో ఇచ్చిన అనుమతి చెల్లదు.

## స్కాను సిద్ధం చేసేటప్పుడు

స్కాను ఎంత నాణ్యతతో ఉండాలి?

కనీసం 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), బూడిదరంగు లేదా పూర్తి రంగుల్లో. ఒట్టి నలుపు–తెలుపులో స్కాన్ చేస్తే ఫైలు చిన్నదవుతుంది గానీ అరసున్నలు, చిన్న ఒత్తులు, వరుస చివరి చుక్కలు మాయమవుతాయి. క వత్తు, త వత్తు మధ్య తేడా కూడా పోతుంది. ఫోనుతో తీస్తే పుస్తకం బల్లమీద పరిచి, ఫోను దానికి సమాంతరంగా పట్టుకుని, వెలుతురు పక్కనుంచి పడేలా చూసుకోండి. కుట్టు దగ్గర అక్షరాలు వంగిపోయిన పుటను మళ్లీ తీయాల్సిందే. ఫైలు పీడీఎఫ్‌గానీ డీజేవూ (స్కాను పుస్తకాలకు వాడే మరో ఫైలు రూపం) గానీ కావాలి. 100 ఎంబీ దాటితే మామూలు ఎక్కింపు ఫారం తీసుకోదు, ముక్కలుగా ఎక్కించే అప్‌లోడ్ విజార్డు వాడండి.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఫైలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికింది. నేరుగా తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు, కానీ మొదటి పుట నుంచి చివరి పుట దాకా తిప్పి చూశాకే. ఈ స్కానుల్లో పుటలు జారిపోవడం, ఒకే పుట రెండుసార్లు రావడం, వేరే పుస్తకం పుటలు కలిసిపోవడం మామూలే. పేరు, రచయిత, సంవత్సరం వివరాల్లోనూ తప్పులుంటాయి. రోమన్ లిపిలో రాసిన పేరును బట్టి పుస్తకాన్ని గుర్తించకండి, లోపలి ముఖపత్రం చూసి ఖాయం చేసుకోండి. ముఖపత్రమే లేకపోతే పీఠిక కింద ఉన్న తేదీ, ముద్రణాలయం పేరు ఆధారమవుతాయి.

మధ్యలో రెండు పుటలు లేవు. మొదలుపెట్టేయనా?

ఆగండి. అదే ఎడిషన్ మరో ప్రతి కోసం వెతికి, ఆ పుటలు ఫైల్లో చేర్చాకే సూచిక పుట (స్కానులోని పుటలన్నిటినీ వరుసగా చూపే వికీసోర్స్ పేజీ) సృష్టించండి. పని మొదలయ్యాక పుటలు చొప్పిస్తే ఆ తర్వాతి పుటలన్నీ వరుస జరిగిపోయి, దిద్దిన పాఠం ఒకచోట, దాని స్కాను మరోచోట పడతాయి. ప్రతి పుటనూ తరలించుకుంటూ రావాలి. వేరే ఎడిషన్ పుటలతో ఖాళీ పూరించకూడదు. ఎంత వెతికినా దొరక్కపోతే ఆ స్థానాల్లో ఖాళీ పుటలు చేర్చి, లోపం ఉందని సూచికలో రాసి కొనసాగించవచ్చు.

సూచికలోని పుటల జాబితాలో ఏం నింపాలి?

స్కానులో పుట వరుసకు, పుస్తకంలో అచ్చయిన పుట సంఖ్యకు పొంతన కుదర్చడమే ఆ జాబితా పని. అట్ట, ముఖపత్రం, పీఠిక, నాటకపాత్రల పట్టిక విడిగా చూపండి. పీఠికకు వేరే సంఖ్యలుంటే వాటినే వాడండి. చివరి ప్రకటనల పుటలు తొలగించకండి. అప్పటి ప్రచురణకర్తలు, ధరలు, ఇతర నాటకాల వివరాలు తెలిసేది అక్కడే.

## పాఠం దిద్దేటప్పుడు

ఓసీఆర్ (స్కానులోని అక్షరాలను చదివి పాఠంగా మార్చే యంత్రం) ఇచ్చిన పాఠంలో ఏ తప్పులు ముందు చూడాలి?

తెలుగుకు గూగుల్, టెసరాక్ట్ యంత్రాలు రెండూ అందుబాటులో ఉన్నాయి. పాత అచ్చుకు ముందు గూగుల్‌తో ప్రయత్నించండి. ఏది వాడినా కొన్ని తప్పులు తిరిగి తిరిగి వస్తాయి:

- అరసున్న. "వాఁడు"లో అరసున్న పూర్తిగా పోతుంది, లేదా దాని స్థానంలో రోమన్ సి అక్షరమో కుండలీకరణమో వస్తుంది. పుట దిద్దడం అయ్యాక రోమన్ అక్షరాల కోసం ఒకసారి వెతికితే చాలావరకు దొరికిపోతాయి.
- ప–వ, ప–ష, ద–ధ–థ, బ–భ, ఘ–ఫ తారుమారు. "ధ"లో కింది గీత, "థ"లో నడిమి చుక్క పాత అచ్చులో అరిగిపోయి ఉంటాయి, స్కాను పెద్దది చేసి చూడండి.
- "ఋ" కాస్తా "బు" అవుతుంది. "ఱ" పోయి "ర" వస్తుంది.
- సున్నకు బదులు తెలుగు అంకె ౦. రెండూ చూడ్డానికి ఒకటే, వెతుకులాటలో మాత్రం దొరకవు.
- విసర్గకు బదులు రెండు చుక్కల విరామచిహ్నం, అవగ్రహానికి (ఽ) బదులు రోమన్ ఎస్.

పాత అచ్చులో రేఫ ౯ లాగా పక్కన ఉంది. ఎలా కొట్టాలి?

అది వలపలగిలక. "ధర్మము" అప్పటి అచ్చులో "ధమ౯ము" అన్నట్టు కనిపిస్తుంది. ఓసీఆర్ దాన్ని తొమ్మిది అంకెగా చదువుతుంది. అది అచ్చు పద్ధతే తప్ప వేరే వర్ణక్రమం కాదు కాబట్టి మామూలుగా "ర్మ" అనే కొట్టండి. పదం చివరి నకారపొల్లు ప్రత్యేక ఆకారంలో ఉన్నా అంతే. 2021లో యూనికోడ్ 14లో దానికి ఒక సంకేతం వచ్చింది గానీ చాలా ఫాంట్లలో డబ్బాగా కనిపిస్తుంది. "న్" కొడితే అందరికీ చదవడానికి వీలవుతుంది. చ, జ మీద చిన్న 2 అంకె ఉంటే మాత్రం అది దంత్యమని రచయిత చూపిన గుర్తు. ౘ, ౙ వాడి నిలబెట్టండి.

"యెవరు", "వొచ్చాడు" అని ఉంది. ఇప్పటి వాడుకకు తగ్గట్టు "ఎవరు", "వచ్చాడు" అని మార్చనా?

మార్చకూడదు. ఏ పుస్తకంలోనైనా ఇదే నియమం, నాటకంలో మరీ గట్టిగా పాటించాలి. నాటకంలో వర్ణక్రమం పాత్రలో భాగం. పాత్రోచిత భాష కోసం పట్టుబట్టిన వేదం వేంకటరాయశాస్త్రి లాంటివారు ఎవరి నోట ఏ మాట ఎలా పలకాలో ఆలోచించి రాశారు. రాజు గ్రాంథికంలో, చాకలి తన మాటలో, పురోహితుడు మరోలా మాట్లాడతారు. వాళ్లందరి వర్ణక్రమం ఒకే మూసలో పోస్తే వేషాలు తీసేసినట్టే. ఒకే పాత్ర ఒకచోట "యేమిటి" అనీ ఇంకోచోట "ఏమిటి" అనీ అన్నా రెండూ అలాగే ఉంచాలి. అది ముద్రాపకుడి పొరపాటో రచయిత ఉద్దేశమో తేల్చే అధికారం దిద్దేవారికి లేదు. భాషాచరిత్ర మీద పనిచేసేవాళ్లు ఈ పాఠాల్లో వెతికేది సరిగ్గా ఇలాంటి తేడాలనే.

స్పష్టంగా అచ్చుతప్పే అయితే?

అక్షరం తలకిందులుగా పడడం, ఒకే పదం రెండుసార్లు రావడం లాంటివైనా పాఠంలో అచ్చులో ఉన్నట్టే ఉంచి, పుట చర్చలో (ఆ పుటకు జతగా ఉండే చర్చ పేజీలో) ఒక వాక్యం రాయండి. పుస్తకంలో తప్పొప్పుల పట్టిక ఉంటే దాన్నీ దాని పుటలోనే పూర్తిగా దిద్దండి. పట్టిక చూసి లోపలి పాఠం మారిస్తే స్కానుకూ పాఠానికీ పొంతన తప్పి, ఆమోదించేవారు (దిద్దిన పుటను రెండోసారి సరిచూసేవారు) మళ్లీ పాతదానికే మారుస్తారు.

పద్యాలు ఎలా పెట్టాలి?

పోయెమ్ ట్యాగులో (వరుసలు విరిచినచోటే విరిగేలా చూపే వికీ గుర్తు), అచ్చులో వరుస ఎక్కడ విరిగితే అక్కడే విరవండి. సీస పాదాన్ని పాత పుస్తకాలు రెండు వరుసల్లో వేస్తాయి, అలాగే ఉంచండి. "ఉ.", "చ.", "తే. గీ." గుర్తులు విడదీసి పూర్తిపేర్లు రాయవద్దు. పద్యం ఒక పుటలో మొదలై తర్వాతి పుటలో ముగిస్తే ట్యాగును మొదటి పుటలో మూసి, రెండో పుటలో మళ్లీ తెరవాలి, లేకుంటే కింది సంభాషణ అంతా పద్యంలో కలిసిపోతుంది. పాటలకు రాగం, తాళం పేర్లు ఏ వరుసలో ఉంటే ఆ వరుసలోనే రావాలి.

పద్యంలో అక్షరం జారిపోయిందేమో అని అనుమానం. ఎలా పట్టుకోవాలి?

ఛందస్సే మీకు తనిఖీ సాధనం. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. చంపకమాలకు 21, పదకొండో అక్షరం దగ్గర. శార్దూలానికి 19, పదమూడో దగ్గర. మత్తేభానికి 20, పద్నాలుగో దగ్గర. పొల్లు హల్లు విడి అక్షరంగా లెక్కకు రాదు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస కుదరాలి. లెక్క తప్పితే ఓసీఆర్ మింగిన అక్షరం ఆ పాదంలో ఎక్కడో ఉందన్నమాట. గురులఘువులు కుదరకపోతే ఎక్కువసార్లు కారణం దీర్ఘం పోవడమో ఒత్తు పోవడమో. అయితే ఛందస్సు మిమ్మల్ని స్కాను వైపు చూడమంటుంది, అంతే. స్కానులోనే గణం తప్పి ఉంటే దాన్ని మీరు కుదర్చకూడదు.

పాత్రల పేర్లు, రంగసూచనలు ఎలా చూపాలి?

పేరు అచ్చులో "విదూ—" అని కుదించి ఉంటే అలాగే ఉంచి, బొద్దుగా ఉంటేనే బొద్దు చేయండి. "(స్వగతము)", "(తెరలో)", "(నిష్క్రమించును)" లాంటి సూచనలు కుండలీకరణాలతో సహా రావాలి. ఏటవాలు అక్షరాలు వద్దు, ఆనాటి తెలుగు అచ్చులో లేవు, తెరమీద కూడా ఒత్తులు ఒకదానిమీదొకటి పడతాయి. ప్రతి సంభాషణ తర్వాత ఒక ఖాళీ వరుస వదలండి. వదలకపోతే ఇద్దరి మాటలు ఒకే పేరాలో కలిసిపోతాయి. పుట పైనుండే నాటకం పేరు, పుట సంఖ్య దిద్దే పేజీలో విడిగా ఉండే శీర్షం పెట్టెలోకి వెళ్లాలి. ప్రధాన పాఠంలో ఉంటే, పుస్తకంగా కూర్చినప్పుడు రంగం మధ్యలో ప్రత్యక్షమవుతాయి.

మూసలో పెట్టగానే సగం పద్యం మాయమైంది. ఎందుకు?

దండకు బదులు కీబోర్డులోని నిలువు గీత కొట్టి ఉంటారు. వికీ దాన్ని మూసలో భాగాలను విడదీసే గుర్తుగా తీసుకుని, తర్వాతి పాఠాన్ని వదిలేస్తుంది. అసలైన దండ (।), జంట దండ (॥) వాడండి. మూస లోపల సమానం గుర్తు ఉన్నా ఇలాంటి చిక్కే వస్తుంది.

పుట చివర పదం సగంలో విరిగింది. ఏం చేయాలి?

పుట చివర హైఫన్ ఉంటే, పుస్తకంగా కూర్చేటప్పుడు సాఫ్ట్‌వేరు దాన్ని తీసేసి రెండు ముక్కలనూ కలుపుతుంది. హైఫన్ లేకపోతే మధ్యలో ఖాళీ చేరుస్తుంది. పాత తెలుగు అచ్చులో చాలాచోట్ల హైఫన్ వేయరు కాబట్టి, పుట ఆఖరి పదం విరిగినప్పుడు మాత్రం మీరే హైఫన్ చేర్చండి. వరుసల మధ్యలో విరిగిన పదాలకు హైఫన్ అక్కర్లేదు, నేరుగా కలిపేయండి.

అను ఫాంటులో (యూనికోడ్ కాని తెలుగు ఫాంటు) టైపు చేసిన ఫైలు ఉంది. మార్పిడి చేసి అతికించొచ్చా?

యూనికోడ్‌లోకి మార్చాక స్కానుతో అక్షరం అక్షరం పోల్చాలి. మార్పిడిలో "మ" పోయి "వు", "య" పోయి "యు" రావడం, ఒత్తులు పక్క అక్షరానికి అంటుకోవడం తరచుగా జరుగుతాయి. పైగా ఆ టైపు ఏ ఎడిషన్ చూసి చేశారో తెలియకపోతే, శుద్ధ ఓసీఆర్‌తో మొదలుపెట్టడమే తొందరగా అయ్యే పని.

ఓసీఆర్ పాఠాన్ని చాట్‌జీపీటీ లాంటివాటితో దిద్దించవచ్చా?

దాని ఫలితాన్ని "అచ్చుదిద్దిన పాఠం"గా భద్రపరచవద్దు. భాషా నమూనాలు చదవడానికి సాఫీగా ఉండే పాఠం ఇవ్వడానికి మొగ్గుతాయి. అరసున్నలు తీసేస్తాయి, "యెవరు"ను "ఎవరు" చేస్తాయి, చెరిగిన చోట అర్థానికి సరిపోయే మాట కల్పిస్తాయి. ఓసీఆర్ చేసిన తప్పు చూడగానే తప్పులా కనిపిస్తుంది. ఇవి చేసిన మార్పు ఒప్పులా కనిపిస్తుంది కాబట్టి ఆమోదించేవారి కంట కూడా పడదు. నష్టం అక్కడే.

## పుట స్థితి మార్చేటప్పుడు

పసుపు ఎప్పుడు పెట్టాలి?

ప్రతి పుటా దిద్దడంలో ఏ దశలో ఉందో దాని రంగు చూపుతుంది. పుట మొత్తాన్ని స్కాను పక్కన పెట్టుకుని ఒకసారి పూర్తిగా పోల్చి, రూపం కూడా సరిచేశాక "అచ్చుదిద్దబడ్డది" అని పసుపు పెట్టండి. సగం పుట దిద్ది లేవాల్సి వస్తే ఎరుపులోనే (ఇంకా దిద్దని స్థితి) భద్రపరచండి. అందులో తప్పేమీ లేదు, తర్వాత ఎవరైనా అందుకుంటారు. ఓసీఆర్ "బాగానే వచ్చింది" అని చదవకుండా పసుపు పెట్టడమే మనకు ఎక్కువగా ఎదురయ్యే లోపం. ఖాతాలోకి లాగిన్ కాకపోతే స్థితి మార్చడం కుదరదు.

నేనే దిద్దాను, నేనే ఆకుపచ్చ చేయలేకపోతున్నాను. ఎందుకు?

"ఆమోదించబడ్డది" అన్న స్థితి రెండో మనిషి పెట్టాలి. సాఫ్ట్‌వేరే మొదటివారికి ఆ వీలు ఇవ్వదు. ఆమోదించేటప్పుడు స్కాను వైపు నుంచి చదువుతూ పాఠంలో సరిచూసుకోండి. పాఠం చదువుతూ పోతే కళ్లు అలవాటుకొద్దీ తప్పును దాటేస్తాయి. సంభాషణలు పైకి చదివితే జారిపోయిన పదాలు చప్పున దొరుకుతాయి. స్నేహితులిద్దరు ఒకరి పుటలు ఒకరు చదవకుండా ఆకుపచ్చ చేసుకోవడం ఆ పుస్తకం మీద నమ్మకాన్ని చెడగొడుతుంది.

చెదలు తిన్న చోట ఏం రాయాలి? నీలం ఎప్పుడు?

ఊహించి పూరించవద్దు. అదే ఎడిషన్ మరో ప్రతిలో కనిపిస్తే చూసి రాసి, ఆ సంగతి పుట చర్చలో పెట్టండి. దొరక్కపోతే ఖాళీని చుక్కలతో చూపి, పుటను "సమస్యాత్మకం" అని నీలంలో ఉంచండి. బొమ్మ కత్తిరించి ఎక్కించాల్సిన పుట, చిక్కు పట్టికలున్న పుట కూడా నీలమే. ఏ పని మిగిలిందో మార్పు సారాంశంలో రాస్తే తర్వాత వచ్చేవారికి వెతుక్కునే శ్రమ తప్పుతుంది. నిజంగా ఏమీ లేని పుటకు బూడిదరంగు.

## పుస్తకంగా కూర్చేటప్పుడు

నాటకం మొత్తం ఒకే పేజీలో పెట్టాలా?

చిన్న ప్రహసనమైతే ఒకే పేజీ చాలు. అంకాలున్న నాటకానికి అంకానికో ఉపపేజీ చేయండి. పీఠిక, పాత్రల పట్టిక విడిగా రావాలి. అంకం పుట మధ్యలో మారితే, ఆ పుటలో రెండు విభాగాలు గుర్తుపెట్టి ఏది ఎక్కడికి వెళ్లాలో చెప్పాలి, లేకుంటే పాత అంకం చివరి మాటలు కొత్త అంకం మొదట కనిపిస్తాయి. పేజీలో పాఠం అతికించకండి, పుటల నుంచి ట్రాన్స్‌క్లూడ్ చేయండి, అంటే పుటల్లోని పాఠమే ఇక్కడ కనిపించేలా చేయండి. అప్పుడే పుటలో దిద్దిన తప్పు పుస్తకంలోనూ దిద్దుకుంటుంది. శీర్షంలో ఎడిషన్ సంవత్సరం, ముద్రణాలయం రాసి, రచయిత పేజీ నుంచి లింకు ఇవ్వండి.

ఎరుపు పుటలు కొన్ని మిగిలాయి. అయినా కూర్చేయొచ్చా?

పసుపు అయిన అంకాలవరకు కూర్చండి, మిగతావి ఆపండి. దిద్దని ఓసీఆర్‌ను చదువరుల ముందు పెడితే, అదే పాఠాన్ని వేరే సైట్లు ఎత్తుకుపోతాయి. తర్వాత మనం దిద్దినా అక్కడ తప్పులు అలాగే తిరుగుతుంటాయి.

పూర్తయ్యాక ఎవరైనా మార్చేస్తే?

సూచిక పుటతో పాటు మీరు దిద్దిన పుటలను వీక్షణ జాబితాలో పెట్టుకోండి. మార్పు వచ్చినప్పుడు స్కాను తెరిచి చూడండి. మార్పు సరైనదైతే ఉంచండి, కాకపోతే వెనక్కి తిప్పి సారాంశంలో "అచ్చులో ఇలాగే ఉంది" అని రాయండి. మంచి ఉద్దేశంతో వర్ణక్రమం సరిచేసేవారే ఎక్కువ, కాబట్టి వారి చర్చ పేజీలో ఒక మాట చెబితే వారే మంచి దిద్దుబాటుదారులవుతారు.